ఆఖరి రాయి ఏది కొనాలి?

ఈమధ్య మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కొందరికి కొత్త సరదా పట్టుకుంది. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జి రేజరు పక్కన పడేసి, మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం. మంచి సరదానే. నేనూ పదేళ్ళ పైనుంచి ఆ కత్తితోనే గీసుకుంటున్నాను. నన్ను విసిగించేదల్లా కత్తి కొన్న మూడోరోజున వచ్చే ప్రశ్న. "బాసూ, ఫినిషింగ్ స్టోన్ ఏది తీసుకోమంటావు? పన్నెండు వేలదా, పదహారు వేలదా, ముప్ఫై వేలదా?" (ఇవి రూపాయలు కాదండోయ్, రాయి నంబర్లు. రూపాయలు కూడా ఇంచుమించు అటూఇటూగా అలాగే ఉంటాయి, అది వేరే సంగతి :))

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఏదీ కొనకు, ఆర్నెల్లు ఆగు. ఈ జవాబు ఎవరికీ నచ్చదు. మనకి కొనడం తెలిసినంత బాగా ఆగడం తెలీదు కదా. ప్రాజెక్టు మొదలవకముందే ఏ ఫ్రేమ్‌వర్కు వాడాలా అని రెండు వారాలు కొట్టుకునే జాతి మనది. అందుకని ఆ జవాబు వెనకున్న లెక్కేమిటో ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట, తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మంగలి కత్తిని నూరేటప్పుడు కత్తి వీపూ, అంచూ రెండూ రాయిని తాకుతూ ఉండాలి. కోణం మన చేతిలో ఉండదు. కత్తి వెడల్పూ, వీపు మందమూ కలిసి దాన్ని ఎప్పుడో నిర్ణయించేశాయి. సుమారు 16, 17 డిగ్రీలు. కాబట్టి వంటింటి కత్తి నూరడంలో ఉండే పెద్ద కష్టం ఇందులో లేదు. పనంతా రెండు వాలు తలాలనీ ఒక గీత దగ్గర కలపడమే. 1000 నంబరు రాయి మీద ఆ రెండూ కలవాలి. తర్వాత 4000, 8000 రాళ్ళు ఆ 1000 రాయి పెట్టిన గీతల్ని సన్నబరుస్తాయి. ఆ పైన ఆఖర్న వాడేదే మన ఫినిషింగ్ రాయి. నేను ఆఖరి రాయి అంటాను. అది పదును పుట్టించదు. ఉన్న పదునుని చర్మానికి ఓర్చుకునేలా చేస్తుంది. కింది రాళ్ళ మీద పుట్టని పదును ఆఖరి రాయి మీద పుడుతుందనుకోవడం, యూనిట్ టెస్టుల్లో పోయినదాన్ని యుఏటీలో పట్టుకుందాంలే అనుకోవడం లాంటిది.

ఇక ఆ నంబర్ల సంగతి. ఇంజనీర్లం కాబట్టి నంబరు కనపడితే నమ్మేస్తాం. రాయిలోని రవ్వ సైజుకి జపాన్ వాళ్ళ ప్రమాణం ఒకటుంది, జేఐఎస్ ఆర్6001 అని. అందులో 1000 నంబరంటే సగటున 11.5 మైక్రాన్లు, 4000 అంటే 3, 8000 అంటే 1.2. అక్కడితో ఆ పట్టిక అయిపోతుంది. 8000 తర్వాత ప్రమాణం లేదు! పది వేలూ, పన్నెండు వేలూ, ముప్ఫై వేలూ అన్నవి ఆయా కంపెనీలు తమ రాయికి తాము పెట్టుకున్న పేర్లే. ఒక కంపెనీ 12000కీ ఇంకో కంపెనీ 12000కీ పోలిక ఉండి తీరాలని ఎక్కడా లేదు. మనం వెర్షన్ నంబరు చూసి సరుకు మంచిదనుకోవడం మానేసి చాలాకాలమైంది. రాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్ళీ మొదటికొస్తాం.

రవ్వ సైజు తెలిసినా కథ పూర్తికాదు. బెల్జియంలో ఆర్డెన్స్ కొండల్లో, వీల్‌సాల్మ్ చుట్టుపక్కల, కొటిక్యూల్ అనే లేతపసుపు రాయి దొరుకుతుంది. గడ్డం కత్తులకి యూరప్‌లో తరతరాలుగా పేరున్న రాయి. దాంట్లో కోసే పని చేసేవి గార్నెట్ రవ్వలు. వాటి సైజు 5 మైక్రాన్ల నుంచి 20 దాకా కూడా ఉంటుంది. జపాన్ పట్టిక ప్రకారం చూస్తే అది మొదటి మెట్టు మీద ఉండాల్సిన రాయి. కానీ ఆ రవ్వలు గుండ్రానికి దగ్గరగా, పన్నెండు ముఖాలతో ఉంటాయి. రాతిలో లోతుగా కూరుకుని, కొంచెమే పైకి తేలి ఉంటాయి. అందుకని ఉక్కు మీద గీత వెడల్పుగా పడినా లోతుగా పడదు. ఆ అంచుతో గీసుకుంటే చర్మానికి మెత్తగా ఉంటుంది. అంటే గీత లోతు ఎంత, దాని ఆకారం ఏమిటి అన్నవి ముఖ్యం. రవ్వ సైజు వాటిలో ఒక పాలు మాత్రమే. ఈ లోతుని ఏ కంపెనీ డబ్బా మీదా ముద్రించదు.

మా మిత్రుడొకడి కథ చెప్తాను. హైదరాబాదులోనే, పెద్ద ఉద్యోగం. విదేశం నుంచి తెప్పించిన ఖరీదైన ఆఖరి రాయితో నెల్లాళ్ళు కుస్తీ పట్టాడు. గీసుకున్న ప్రతిసారీ మెడ ఎర్రబడి మంట. ఈ రాయి బాగాలేదు, ఇంకా సన్నది కావాలి అని తేల్చేసి ఇంకోటి ఆర్డరు పెట్టబోతుంటే, ఆగు ఒకరికి చూపిద్దామని దేవరకొండ వైపు మా చుట్టాల ఊరికి తీసుకెళ్ళాను. అక్కడ డెబ్బయ్యయిదు దాటిన పెద్దాయన ఉన్నాడు. కులవృత్తిలో యాభై ఏళ్ళు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన కత్తిని వెలుతురుకి అడ్డంగా పెట్టి ఓసారి చూశాడు. బొటనవేలి గోటి మీద మెల్లిగా జార్చాడు.

"ఇది ఇంకా కూడలే పటేలా. కొస దగ్గర అంచు రాయికి తాకుతనే లేదు. మీది రాయి ఏం జేస్తది? పనంత కిందనే మిగిలింది."

ఇరవై ఏళ్ళు లీనక్స్ కెర్నెల్‌తో ఆడుకున్న మా వాడు నోరు తెరిచాడు. ఆయన ఆ 1000 నంబరు రాయినే అందుకుని, మంచం మీద కూర్చునే, పావుగంట పైన నూరాడు. కత్తి కొస దగ్గరకొచ్చేసరికి మణికట్టుని కొద్దిగా తిప్పుతున్నాడు. అన్ని కత్తుల అంచూ తిన్నగా ఉండదు, చిన్న నవ్వు వంపు ఉంటుంది. దాన్ని అనుసరించాలి. "ఎన్నిసార్లు రుద్దాలె తాతా?" అని మావాడి ప్రశ్న. లెక్క కావాలి కదా మనకి. "లెక్కుండదు. రాయి చప్పుడు మారుతది, చెవు పెట్టి ఇను" అన్నాడు పెద్దాయన. నిజంగానే మారింది. మొదట గరగరమన్నది, తర్వాత కాయితం మీద కాయితం జరిపినట్టయింది. మధ్య రాళ్ళు అయ్యాక, మా వాడు నెల్లాళ్ళు తిట్టిన ఆ ఖరీదైన రాయి మీద పది పన్నెండు సార్లు, అంతే, బరువు వెయ్యకుండా నడిపాడు. తర్వాత తోలు పట్టీ మీద కాసేపు, చివర్న తన అరచేతి మీద అటూఇటూ నాలుగుసార్లు. మర్నాడు అదే కత్తి, అదే రాయి, అదే మెడ. మంట లేదు.

ఇక్కడ నాకు రాయి సంగతి కన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఇంకోటుంది. తన మనవడి ఈడున్న మా వాణ్ణి ఆయన "పటేలా" అని పిలవడం. వద్దని ఇద్దరం చెప్పాం. "అలవాటయింది బిడ్డా" అని, రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అదే. చేతిలో ఉన్న విద్యకి ఆయనా, కుర్చీలో కూర్చున్న కులానికి మనమూ. ఆ పిలుపులో అదంతా ఉంది. మంగలి కత్తి అన్న మాటని నేను పనిముట్టు పేరుగానే వాడుతున్నాను. ఆ మాటలో సగాన్ని తిట్టుగా వాడే నోళ్ళు మన ఆఫీసుల్లోనూ ఉన్నాయని నాకు తెలుసు. అలాంటివాళ్ళే వారాంతంలో ఆ కత్తి పట్టుకుని ఫోటోలు దిగుతుంటే చూడ్డానికి వింతగా ఉంటుంది. "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడు" అని సామెత చేశారు పూర్వం. పనీ జీతమూ పుష్కలంగా ఉండి, మూడు గంటలు చేతి మీది వెంట్రుకలు గొరిగి పదును పరీక్షించుకునే మన గురించి ఇంకా ఎవరూ సామెత కట్టలేదు.

పెద్దాయన పొది తెరిచి చూపించాడు. పొది అంటే పనిముట్ల తోలు సంచి. రెండు కత్తులు, ఒకదాని మీద సోలింగెన్ అని సగం చెరిగిన ముద్ర. కత్తెర, గోరుగల్లు, పటిక బిళ్ళ, చిన్న అద్దం. అడుగున గుడ్డలో చుట్టి అరచేతి పాటి నల్ల రాయి, ఒకవైపు చిప్పలా అరిగి ఉంది. చూపుకి పలకరాయి జాతిలా కనపడింది. ఎక్కడిదంటే "మా నాయినది" అన్నాడు. దాని నంబరు ఎంత, మైక్రాన్లు ఎన్ని అన్న ప్రశ్నలకి అర్థం లేదు. ఆయన దాన్ని కింద పెట్టడు. ఎడమ అరచేతిలో పెట్టుకుని కత్తిని దాని మీద నడుపుతాడు. రాయి చిన్నది కావడంలో ఒక తెలివి ఉంది. పెద్ద రాయి మధ్యలో అరిగి గుంటపడితే కత్తి అంచంతా ఆ గుంటకి తగ్గట్టు చెడుతుంది. చిన్న రాయి ఎప్పుడు తాకినా అంచులో కొంత మేరనే తాకుతుంది. రాయి వంకరని చెయ్యి సర్దుతుంది. మనకి ఆ చెయ్యి లేదు కాబట్టి పెద్ద, సమతలమైన రాయి కావాలి. వాళ్ళ పద్ధతి గొప్పదని గుడ్డిగా అరచేతి రాయి కొనుక్కోకండి.

"మంగలి పాత, చాకలి కొత్త" అంటారు. చాకలి కొత్తలో బాగా ఉతుకుతాడు, మంగలి పాతబడే కొద్దీ బాగా గీస్తాడు అని దాని అర్థం. చెయ్యి తిరగడం గురించే అన్నారనుకుంటారు అందరూ. నాకైతే అందులో రాయి కూడా ఉందనిపిస్తుంది. ఒకే రాయితో ముప్ఫై ఏళ్ళు బతికినవాడికి ఎన్ని చుక్కల నీళ్ళకి అది ఎలా నడుస్తుందో తెలుస్తుంది. మూడు నెలలకో కొత్త రాయి కొనేవాడు ఎన్నేళ్ళయినా కొత్తవాడే.

మన ప్రాంతం రాయి ఏదైనా పనికొస్తుందా అని కొందరు అడుగుతారు. నల్గొండ, పాలమూరు అంటేనే రాళ్ళు కదా! ఇక్కడ కొంచెం రసాయనం కావాలి. గట్టిపరిచిన ఉక్కుని కొయ్యాలంటే రాయిలోని రవ్వ ఉక్కు కన్నా గట్టిగా ఉండాలి. మోస్ కొలతలో సున్నపురాయి 3, క్వార్ట్జ్ 7, గార్నెట్ కూడా ఆ చుట్టుపక్కలే, కురువిందం 9. మన ఇళ్ళలో పరిచే తాండూరు బండ, షాబాద్ బండ సున్నపురాళ్ళు. వాటిమీద గడ్డం కత్తి నూరితే చాలావరకు అరిగేది బండే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంది గానీ గింజలు మరీ పెద్దవి, ఎక్కడికక్కడ తేడా. ఆఖరి రాయికి కావాల్సింది సన్నని, అంతటా ఒకేలా ఉండే గింజ. అలాంటి పలకరాయి ముక్క ఎక్కడో దొరకొచ్చు, దొరికే ఉంటుంది కూడా, పెద్దాయన నాయినకి. కానీ పక్క ముక్క అలాగే ఉంటుందన్న భరోసా లేదు. ప్రకృతి రాయితో చిక్కంతా అదే. బెల్జియం రాయికైనా, క్యోటో దగ్గర ఎప్పుడో మూతపడ్డ నకయామా గని రాయికైనా అదే చిక్కు.

రాయిని రాయితో నూరి పదును పెట్టడం మాత్రం ఇక్కడ కొత్తది కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే చోట (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వకాలు జరిపాడు. అది నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పశువుల కాపరుల స్థావరం, పెద్ద బూడిద దిబ్బ. దక్షిణాన ఆ కాలంవాళ్ళు నల్లటి డోలరైట్ రాయిని ముందు చెక్కి, తర్వాత పొడిచి, ఆ తర్వాత బండ మీద అరగదీసి, చివర్న నున్నగా మెరుగుపెట్టి గొడ్డళ్ళు చేసుకునేవారు. ముతక నుంచి సన్నానికి, మెట్టు తర్వాత మెట్టు. మెట్టు దాటేస్తే ఏమవుతుందో వాళ్ళకి మనకన్నా ముందే తెలుసు.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషులో కోరండం అనే మాట తమిళ కురుందం, మన కురువిందం కుటుంబం నుంచి వెళ్ళిందే. ఖమ్మం వైపు ఆ ఖనిజం దొరుకుతుంది. దాని పొడిని లక్కలో కలిపి సాన చేసేవారు మన దేశంలో. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్ తయారుచేసి, అది కార్బనూ కోరండమూ కలిసినదనుకుని కార్బొరండం అని పేరు పెట్టాడు. మనం ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టుకెళ్ళి అడిగే కార్బొరండం రాయి పేరులో ఉన్నది ఆ కురుందమే. జపాన్ సింథటిక్ రాళ్ళలో చాలావాటిలో కోసే రవ్వ అల్యూమినియం ఆక్సైడు, అంటే కొలిమిలో చేసిన కురువిందం. ఇక మన ఉక్కు అనే మాట వూట్జ్ అయి లండన్ చేరిన కథ, ఆ ఉక్కుని చూసి 1820 ప్రాంతంలో స్టోడార్ట్, ఫారడే ఇద్దరూ కొత్త ఉక్కులు కరిగించి కత్తులు చేయించిన కథ మీకందరికీ తెలిసిందే. ఇవి చదివినప్పుడు ఛాతీ ఉబ్బుతుంది. కాదనను. కానీ మాట మనదైనంత మాత్రాన గడ్డం దిగదు. కురువిందం మనదని గర్వపడేవాళ్ళలో ఎంతమంది ఒక్క కత్తి నూరారో చెయ్యెత్తమంటే లెక్క తేలుతుంది.

"ఎంత గొప్ప విద్య పోయిందో" అని బాధపడేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. ఆ విద్య ఎలా బతికిందో కూడా చూడాలి. నల్గొండ జిల్లాలో 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం ఏ వెట్టికి వ్యతిరేకంగా నడిచిందో, ఆ వెట్టిలో క్షవరం కూడా ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్రలో ఉంటుంది, పగలు దొర ఇంట్లో సవరం చెయ్యాలి, రాత్రి కాళ్ళు పిసకాలి. వెట్టి పోయాక కూడా చాలా ఊళ్ళలో ఏడాది పొడుగునా గీస్తే కల్లం దగ్గర కొలిచినన్ని గింజలే కూలి. ఇంటి ఆడవాళ్ళు మంత్రసాని పని చేసేవారు, మగవాళ్ళు పెళ్ళికి సన్నాయి ఊదేవారు. అన్నీ ఆ గింజల్లోనే. దొర గొంతు మీద పదునైన కత్తి పెట్టి, ఒక్క గాటు పడకుండా లేచి వచ్చిన చేతులవి. అంత పదును సరదాకి పుట్టలేదు. గాటు పడితే ఏమవుతుందో తెలిసిన భయంలోంచి పుట్టింది.

కత్తి పోవడం కూడా సరైనదే. 1986లో మద్రాసులో మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవీ బయటపడింది. ఆ తర్వాత ప్రచారం, భయం పల్లెల దాకా చేరేసరికి సెలూన్లలో పాత కత్తి మూలకి పోయి, సగానికి విరిచిన టోపాజ్ బ్లేడు తొడిగే పిడి వచ్చింది. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు. హెపటైటిస్ బి లాంటివాటికీ అదే మందు. ఒకే కత్తిని ఒకే రాయి మీద నూరుతూ ఊరందరికీ గియ్యడం ప్రమాదమే, అందులో వాదన లేదు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకి నెలకి 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చింది. అంటే అప్పటికే పనంతా ట్రిమ్మర్ల మీదికి మారిపోయిందన్నమాట. సర్కారుకి ఆ సంగతి తెలిసింది, మనకే తెలీలేదు. పెద్దాయన కొడుకు మిర్యాలగూడలో ఏసీ సెలూన్ పెట్టుకున్నాడు. రాయి పట్టడు. పట్టమని ఎవరడిగినా నేను ఆయన కొడుకు పక్షమే.

కాబట్టి ఇప్పుడు రాయి అవసరమున్నది తన కత్తితో తన గడ్డం మాత్రమే గీసుకునే మనలాంటివాళ్ళకే. సరే, ఆర్నెల్లు ఆగారు. 8000 రాయి దాకా వెళ్ళి, తోలు పట్టీ మీద యాభై సార్లు నడిపి గీసుకుంటే హాయిగానే ఉంది, ఇంకొంచెం మెత్తదనం కావాలనిపిస్తోంది. అప్పుడు కొనండి. చర్మం సున్నితమైతే, ఓపికుంటే, కొటిక్యూల్. దాని మీద మొదట కొంచెం రాతి బురద చేసి, చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ పలచబరుస్తూ పోవాలి. నేర్చుకోడానికి నెల పడుతుంది. ప్రతిసారీ ఒకే ఫలితం కావాలంటే సింథటిక్ 12000. చైనా నుంచి వచ్చే 12000 అనబడే ప్రకృతి రాయి చవక, కానీ చాలా నెమ్మది, ఇరవై నిమిషాలు రుద్దాలి. డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడ్ ముద్ద ఉంది, అర మైక్రాన్. నున్నటి చెక్కకి బిగించిన గుడ్డ మీద పలచగా రాసి పది సార్లు నడిపితే చాలు. ఇంకా బాగుండేది ల్యాపింగ్ ఫిల్ము. ఒక మైక్రాన్ ఫిల్ముని తడిపి నున్నటి పలక మీద అతికించి దానిమీద నూరడం. ఆ పలక కోసం వెతకక్కర్లేదు. గ్రానైట్ కొట్టులో పాలిష్ చేసిన ముక్క ఒకటి అడగండి, చాలాసార్లు ఊరికే ఇచ్చేస్తారు. మన ప్రాంతం రాయి కత్తి నూరడంలో నిజంగా పనికొచ్చేది ఇక్కడే. నీళ్ళ గరుకు కాయితాన్ని అదే గ్రానైట్ మీద పరిచి మిగతా రాళ్ళన్నీ చదును చేసుకోవచ్చు. రాయి చదును చెయ్యకుండా కత్తిని తిట్టేవాళ్ళు నా దగ్గరకి రావద్దు.

ముప్ఫై వేల నంబరు జోలికి వెళ్ళొద్దంటాను. కొందరికి ఆ అంచు మరీ గాజులా తగులుతుంది, మొటిమ కనపడితే చాలు కోసేస్తుంది. పైగా అంచు అతిగా సన్నబడితే సన్నని రేకులా తోకొకటి నిలుస్తుంది. మొదటి రెండు గీతలకి అద్భుతంగా ఉంటుంది, మూడో గీతకి విరుగుతుంది.

మన ఎండల సంగతి విదేశీ పుస్తకాల్లో ఉండదు. మే నెలలో 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు తడిసిన సింథటిక్ రాయిని బాల్కనీలో ఆరబెడితే బీటలు వారుతుంది. మెగ్నీషియా జిగురుతో చేసినవి మరీ సున్నితం, వాటిని నీళ్ళలో నానబెట్టనే కూడదు. నీడలో, కాయితం చుట్టి, మెల్లిగా ఆరాలి. వానాకాలం తుప్పు. గీసుకున్నాక తుడిచి ఒక్క చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. పెద్దాయనా అదే రాస్తాడు.

అన్నిటికన్నా ముందు, రాయికి పెట్టే డబ్బులో ఒక పాలు తీసి మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఇలాంటి పెద్దాయన ఎవరున్నారో కనుక్కోండి. ఇంకొన్నేళ్ళు పోతే ఉండరు. మీ కత్తీ మీ రాళ్ళూ పట్టుకెళ్ళండి, ఆయన కత్తితో గీయించుకోడానికి వెళ్ళకండి. రెండు గంటలు కూర్చుని నేర్పమనండి, ఒక ఐటీ ట్రైనరుకి గంటకి ఎంత ఇస్తామో అంతా ఇవ్వండి. చాయ్ తాగించి, ఐదొందలు జేబులో కుక్కి, దండం పెట్టి రావడం కాదు. ఇవ్వబోయే మొత్తం ముందే చెప్పండి. లేకపోతే ఆయన వద్దంటాడు, మీరు సంతోషంగా ఊరుకుంటారు.

మా వాడు వచ్చేటప్పుడు ఆ నల్ల రాయి అమ్ముతావా అని అడిగాడు. ఐదు వేలు ఇస్తానన్నాడు. పెద్దాయన దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి పొదిలో అడుగున పెట్టి, "నీకు దీనితోని ఏం పని బిడ్డా, నీ రాయి మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం పటేలా అనలేదు.